గోత్రాల తాత గంట వాల్చే చోటు

గోత్రాల తాత పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. "అక్కా, నాయన పొద్దున పోయాడు. కాఫీ తాగతా తాగతా గోడకి వాలాడు, అంతే" అన్నాడు. అయ్యో అన్నాను. ఎన్నో ఏట, ఎట్లా, ఎప్పుడు తీస్తున్నారు అని అడగవలసినవన్నీ అడిగాను. కానీ నిజం చెప్పుకోవాలి. ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఆయన ఒక్కడి దగ్గరే ఉన్న ఒక మాటను రెండేళ్ళ కింద నాకు చెప్పాడు. ఇప్పుడు అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. చేతిలో చాక్‌పీసు విరిగిపోయింది. పిల్లలు నవ్వారు.

నేను పిరికిదాన్ని. ఇది వినయం కాదు, నరసరావుపేటలో మా స్టాఫ్‌రూము మొత్తానికీ తెలిసిన సంగతి. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి పెద్దకర్మ అయ్యాక కూడా నెల పట్టింది.

తాత మాకు చుట్టం కాదు. మా పల్నాడులో భూములున్న ఇళ్ళకు వంశం చెప్పే కుటుంబాలు ఉండేవి. కోతలయ్యాక ఏడాదికొకసారి వచ్చి, వసారాలో చాప పరుచుకుని, ఆ ఇంటి తాతముత్తాతల పేర్లూ వాళ్ళు చేసిన పనులూ పాటగా చెప్పి, గింజలు పట్టుకుపోయేవాళ్ళు. కాగితం మీద ఏమీ ఉండదు, అంతా నోట్లోనే. మా ఊరు బొల్లాపల్లి పక్కన మెట్ట పల్లె, ఆయనది నూజెండ్ల వైపు. మా ఇంటికి ఆయన తండ్రీ, తాతా, అంతకు ముందువాళ్ళూ అట్లాగే వచ్చారు. ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది. మా ఊళ్ళో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా పంచె, భుజాన ఒక గుడ్డ సంచి. సంచిలో చిన్న కంచు గంట. ఒక తరం పేరు చెప్పగానే ఒకసారి మోగించి చాప మీద నిలబెట్టేవాడు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ ఒక పేరు. ఏడో తాత దగ్గరికి వచ్చేసరికి గొంతు మారేది. అది కరువు కథ.

"మబ్బు పుట్టని ఏడు, మన్ను మండిన ఏడు, బలుసాకు కూడా బతిమాలితే దొరికిన ఏడు, ఆకలేసిన ఊరంతా అరుగుల మీద కూచుంటే, ఏడో తాత లేచాడు, పాతర మూత తీశాడు."

అక్కడ గంటను నిలబెట్టేవాడు కాదు. పక్కకు వాల్చి పడుకోబెట్టేవాడు. వాల్చాడంటే కథ అయిపోయినట్టు. అప్పుడు నాన్న "పొయ్యండి" అనేవాడు, పాలేరు జొన్నలు కొలిచి పోసేవాడు. మా వంశం గొప్ప అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. కరువులో జొన్నల పాతర తెరిచి ఊరికి తిండి పెట్టిన ఇల్లు. ఆ మాట వల్లే మా వాళ్ళు మునసబులయ్యారు, పెద్దమనుషులయ్యారు, ఇవాళ మా అన్నయ్య సర్పంచి.

ఆయన వచ్చే రోజు మా ఇంట్లో పండగలా ఉండాలి కదా. ఉండేది కాదు. అమ్మ తెల్లవారకముందే రెండుసార్లు ఊడ్చేది. నాన్న ఎవరినీ తిట్టేవాడు కాదు, అది ఆయనకు చాలా కష్టమైన పని. నేనూ అన్నయ్యా స్తంభం వెనక నక్కి కూర్చునేవాళ్ళం. ఆ ముసలాయన్ని చూసి అంత భయం ఎందుకో నాకు తెలిసేది కాదు. పులిని చూసి భయపడితే అర్థం ఉంది, అడిగి పుచ్చుకుపోయే మనిషిని చూసి ఏమిటి భయం?

నాకు పదేళ్ళప్పుడు అర్థమైంది. ఆ ఏడు పంట సగం పోయింది. నాన్న చిరాకు మీద ఉన్నాడు. తాత గంట ఎత్తక ముందే, ఈసారి సగమే పోస్తామని పాలేరు చేత చెప్పించాడు. తాత సరేనన్నాడు. పేర్లన్నీ చెప్పాడు. పాతర మూత తీశాడు అన్నాడు. గంట వాలుస్తాడని చూస్తున్నాం. వాల్చలేదు. మోగించి నిలబెట్టాడు.

"మూత తీసిన పూట..." అని కొత్త మాట ఎత్తుకున్నాడు.

నాన్న కుర్చీలోంచి లేచిన తీరు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. కుర్చీ వెనక్కి పడిపోయింది. "పొయ్యండ్రా, మొత్తం పొయ్యండి, ఎంత ఇచ్చేవాళ్ళమో అంతా పొయ్యండి" అన్నాడు. ఆయన గొంతు కీచుగా వచ్చింది.  తాత గబుక్కున గంట పక్కకు వాల్చాడు. ఆయన కళ్ళల్లో గెలిచిన కళ లేదు. మా నాన్న కంటే ఆయనే ఎక్కువ హడలిపోయి ఉన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు అంతలా భయపడటం నేను అదే మొదటిసారి చూశాను. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది.

నాన్నకు ఆ తర్వాతి మాట పూర్తిగా తెలుసో లేదో నాకు తెలియదు. అది ఒకటి ఉందని తెలుసు. భయపడటానికి అది చాలు.

తాతకు కొన్ని అలవాట్లుండేవి. మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. అమ్మ ఎంత బతిమాలినా "గింజ తీసుకుంటానమ్మా, మెతుకు వద్దు" అనేవాడు. అది వాళ్ళ నియమం కాబోలు అనుకున్నాం. కొలిచేటప్పుడు కింద పడ్డ గింజల్ని వంగి ఒక్కొక్కటే ఏరేవాడు. అంత గంప పోశాక ఆ నాలుగు గింజలెందుకు తాతా అంటే, "ఈ నాలుగూ లేక పోయినోళ్ళు ఉండారమ్మాయ్" అనేవాడు. నవ్వుతూ చెప్పేవాడు కాదు. మాటకొస్తే ఇంకొకటి అనేవాడు, "తిన్న నోరు ఊరుకుండుద్ది." ఉప్పు తిన్న విశ్వాసం గురించి చెబుతున్నాడని మేం అనుకునేవాళ్ళం.

ఇప్పటివాళ్ళకు పాతర అంటే తెలియకపోవచ్చు. నేలలో మనిషి ఎత్తుకు రెండింతల లోతు తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన బండ మూసి మట్టి కప్పేస్తారు. మాది పెరట్లో ఉండేది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోతుంది. బండ తీయగానే దిగితే మనిషి పైకి రాడు. అందుకని మూత తీశాక ప్రమిద వెలిగించి గంపలో పెట్టి తాడుతో దించుతారు. దీపం ఆరిపోతే ఆగాలి. సగం రోజైనా సరే, ఒక రోజైనా సరే. దీపం కింద దాకా వెలిగితేనే మనిషి దిగాలి.

నేను హైస్కూలుకు వచ్చిన ఏడు మా పాతర ఆఖరిసారి తీశారు. ఆ రోజు తాత ఏ పని మీదో ఊళ్ళోకి వచ్చి మా పెరటి గోడ దగ్గర నిలబడ్డాడు. దీపం దించారు, ఆరిపోయింది. గంట ఆగి మళ్ళీ దించారు, మళ్ళీ ఆరింది. పాలేర్లు విసుక్కుంటున్నారు. ఒకడు "దిగుదాంలే, ఏం కాదు" అని తలపాగా చుట్టుకున్నాడు. తాత గోడ అవతల నుంచి అరిచాడు. "దిగబాకురా. దీపం దిగకుండా దిగబాకు." పాట పాడే గొంతు కాదు అది. దూడను పోగొట్టుకున్న ఆవు అరిచినట్టు అరిచాడు. అందరూ ఆయన వంక చూశారు. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మూడోసారికి దీపం నిలిచింది.

మా ఇంట్లో ఇంకొక ఆచారం ఉండేది. ఏటా కళ్ళం నుంచి గింజలు ఇంటికి రాగానే, ఎవరికీ కొలవక ముందే, మొదటి మానిక ఊరి చివర ఒక ఇంటికి వెళ్ళేది. తల పక్కకు తిప్పుకుని, ఒక్క మాటైనా లేకుండా మా పెరటి గుమ్మం దగ్గర వాళ్ళ కొంగులో పోసేవాళ్ళు. దాన్ని దీపం మానిక అనేవాళ్ళు. ఎందుకిస్తున్నామో మాకు తెలియదు, ఎందుకు తీసుకుంటున్నారో వాళ్ళకూ తెలియదు. ఏ గుడి దీపానికో అనుకున్నాం. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా మా పొలంలోనే పని చేశారు. ఇప్పుడు ఆ ఇంటి కోడలు ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. నాన్న పోయాక అన్నయ్య జొన్న మానేసి మొత్తం మిర్చీ పత్తీ వేశాడు. "జొన్నలే లేవు, మానికేంది" అని ఆపేశాడు. ఎవరూ అడగలేదు.

తాత ఒక్కడే అడిగాడు. రెండేళ్ళ కింద ఒక ఆదివారం నన్ను తన ఊరికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. తలుపు దగ్గరికి వేసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చున్నాడు.

"మీ అన్న ఊరి ముందర రాతి ఆర్చీ కడతన్నాడంట గదా. ఏం రాస్తన్నాడు?"

"కరువులో ఊరికి అన్నం పెట్టిన వంశం అని."

"నా పాటలోదే." అన్నాడు. "అబద్ధం లేదమ్మాయ్ నా పాటలో. ఒక్క మాట తక్కువ, అంతే."

అప్పుడు చెప్పాడు. కరువులో ఊరు అరుగుల మీద కూర్చున్న మాట నిజం. మా ఏడో తాత పాతర తెరిచిన మాటా నిజం. తెరిచేసరికి ఊరంతా పెరట్లోకి వచ్చింది. దీపం దించి ఆగితే సాయంత్రం అవుతుంది, అందాకా ఈ జనం ఆగరు, మీద పడి దోచుకుంటారు అని ఆయనకు భయం. అక్కడున్న ఒక పని మనిషిని దిగమన్నాడు. ఆమె పేరు అంకమ్మ. చంకలో పాలు తాగే బిడ్డ ఉంది. బిడ్డను పక్కదానికిచ్చి, "అయ్యా, దీపం" అని అడిగింది. "దీపానికి నూనె యాడుందే?" అన్నాడు. నూనె ఉంది, దేవుడి గూట్లో. ఆమె దిగింది. ఒక గంప పైకి వచ్చింది. రెండో గంప రాలేదు.

"ఆ మొదటి గంపలోదే మా ముత్తాతల నాటి ఆయన ఒళ్ళో పోశారు. పాట కట్టమన్నారు. ఇంట్లో అయిదుగురు పిల్లకాయలు. కట్టాడు." తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు. "ఆ తర్వాత దీపం దించి మిగతా గింజలు తీశారు. ఊరు బతికింది. మేమూ బతికినం. ఆ బిడ్డనీ మీ ఇంటి గంజే బతికించింది. ఆ బిడ్డ ఇంటికే దీపం మానిక. నేను మీ ఇంట్లో మెతుకు ముట్టనిది అందుకే. గింజ తీసుకోక తప్పదు, అది నా కూడు. మీ ఇంట్లో కూచుని నోట్లో పెట్టుకుంటే మాత్రం ఆమె కనబడుద్ది."

 "మీ అబ్బాయికి చెప్పలేదా?" అన్నాను.

"వాడిది ఆటో స్టాండు నోరు. మీ అన్న మీద కోపమొచ్చిన రోజు వినుకొండంతా చెప్పేస్తాడు. ఇది కోపమొచ్చినోళ్ళ దగ్గర ఉండే మాట కాదు. నువ్వు భయస్తురాలివి. నీ దగ్గరైతే పదిలంగా ఉండుద్ది." మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. "నేనుండంగా బయటపెట్టబాక. నా తర్వాత నీ ఇష్టం. ఈలోపల ఒక్కటి చెయ్యి. మానిక మళ్ళీ మొదలుపెట్టమని మీ అన్నకి చెప్పు. ఎందుకని అడిగితే ఆచారమని చెప్పు."

చెబుతానన్నాను. చెప్పలేదు. అన్నయ్య చెడ్డవాడు కాదు, కానీ ఎదురు మాట్లాడితే నెలల తరబడి పలకడు. అమ్మా నాన్నా లేని నాకు పుట్టిల్లంటే ఆయనే. తాత నెలకొకసారి ఫోన్ చేసేవాడు. "చెప్పావా అమ్మాయ్?" "చెబుతాను తాతా." "సరే." ఒక్కసారి కూడా కోప్పడలేదు. ఆ సరే వినడానికే భయపడి ఆఖరి రెండు నెలలూ నేను ఫోన్ ఎత్తలేదు. ఇది నేను చేసిన తప్పు. ఆయన మంచితనం గురించి రాస్తూ దీన్ని దాచిపెడితే, పాటలో ఒక మాట తక్కువ చేసినట్టే అవుతుంది.

పెద్దకర్మకు వెళ్ళాను. అన్నయ్య కూడా కారులో బియ్యం బస్తా వేసుకుని వచ్చాడు. మా ఊరి నుంచి పది మంది దాకా వచ్చారు, దీపం మానిక ఇంటి కోడలు, బడిలో వంట చేసే ఆమె, కూడా వాళ్ళతో ఆటోలో వచ్చి సాయంగా వంట దగ్గర కూర్చుంది. వంశం చెప్పేవాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. గింజలు ఇచ్చిన ఇంటి వంశం చెప్పకుండా ఆ గింజలు గడప దాటి లోపలికి రాకూడదు. బస్తా గడప దగ్గర దించారు. తాత కొడుకు గంట పట్టుకుని తండ్రి ఫోటో ముందు నిలబడ్డాడు. రెండు పేర్లు చెప్పి ఆగిపోయాడు. చెమటలు పట్టాయి.

"అక్కా, నాకు రాదు. నాయన నేర్పలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నావు గదా, నువ్వు చెప్పు" అని గంట నా చేతిలో పెట్టాడు.

ఆడది వంశం చెప్పడం ఎక్కడా లేదు. ఎవరో కాదనబోయారు. అన్నయ్యే, "చెప్పనీయండి, మా ఇంటిదే గదా" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే మరీ భయమేసింది.

గంట ఎత్తాను. చాప మీద కూర్చుని ఒక్కొక్క పేరే చెప్పాను. ఆశ్చర్యం, ఒక్కటి కూడా తప్పు పోలేదు. స్తంభం వెనక నుంచి విన్నవన్నీ అట్లాగే ఉన్నాయి. మబ్బు పుట్టని ఏడు, మన్ను మండిన ఏడు. పాతర మూత తీశాడు అన్నాను. అన్నయ్య ముఖం విప్పారింది. గంట వాల్చవలసిన చోటు అది. వాల్చేస్తే బస్తా లోపలికి వెళుతుంది, అందరం భోజనాలకు లేస్తాం, నాకు పుట్టిల్లు ఉంటుంది. ఫోటోలో తాత కళ్ళు ఎటో చూస్తున్నాయి, నా వంక కాదు. ఫోటో ముందు ప్రమిద వెలుగుతోంది. చెయ్యి ఎంత వణికిందంటే గంట దానంతటదే మోగింది.

మోగినదాన్ని నిలబెట్టాను.

"మూత తీసిన పూట దీపం దిగలేదు, అంకమ్మ దిగింది. ఒక గంప వచ్చింది, అంకమ్మ రాలేదు. ఆమె బిడ్డ ఇంటికే దీపం మానిక."

 అన్నయ్య మెల్లగా, "ఏందే అది?" అన్నాడు. నాన్న గొంతే, అదే కీచు.  వంట దగ్గర నుంచి ఆమె లేచి వచ్చింది, గరిటె చేతిలోనే ఉంది.

"అంకమ్మ ఎవురు టీచరమ్మా?"

"మీ ఇంటామె. మీ వాళ్ళ ముత్తాతకు ముందరి ముత్తవ్వ అయ్యుంటుంది."

ఆమె గరిటె కిందికి దించింది. "మా ఇంట్లో ఆ పేరు ఎవురికీ పెట్టరు. పెట్టబాకండి అనేది మా అత్త. ఎందుకో చెప్పేది కాదు" అంది. మళ్ళీ వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. అన్నం మాడు వాసన వస్తోంది.

అన్నయ్య చెప్పులు వేసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. బస్తా గడప మీదే ఉండిపోయింది. లోపలికి తీసుకోవాలో వెనక్కి పంపాలో ఎవరికీ తెలియలేదు.

అప్పటి నుంచి అన్నయ్య ఫోన్ లేదు. ఇంటి ముందు ఎవరి బండి ఆగినా లేచి కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. చెప్పి తప్పు చేశానా, రెండేళ్ళు చెప్పకుండా తప్పు చేశానా అని రోజూ అనుకుంటాను. తాత ఉంటే ఫోన్ చేసి అడిగేదాన్ని. ఎవరి పేరు ఎక్కడ పలకాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసి, ఆ తెలివికి డెబ్భై ఏళ్ళు తనలో తానే వణికిన మనిషి ఆయన. నా లాంటి పిరికిదాన్ని నమ్మాడు. ఆ నమ్మకానికి ఆయనకు ఎట్లా దండం పెట్టాలో నాకు తెలియదు, ఇట్లా రాయడం తప్ప.

మొన్న ఆదివారం ఉండబట్టలేక మా ఊరు వెళ్ళాను. పెరటి గేటు దాకా వెళ్ళి లోపలికి పోలేకపోయాను. పెరట్లో పాతర బండ మీద అన్నయ్య కారు షెడ్డు కట్టించి చాలా ఏళ్ళయింది. కారు షెడ్డులో లేదు. బయట రోడ్డు మీద, ఎండలో ఉంది. షెడ్డు ఖాళీగా, ఊడ్చి ఉంది. బండ మీద ఒక ప్రమిద వెలుగుతోంది. ఎవరు పెట్టారో, ఆ వంటామో, అన్నయ్యో, వదినో, నేను అడగలేదు. గాలి వీస్తోంది. ఆరిపోతుందేమోనని చూస్తూ గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.